మనిద్దరికీ తెలిసిన గ్లాసు

ఇంగ్లీషులో ‘ఎ’ ఎక్కడ పెట్టాలో, ‘ద’ ఎక్కడ పెట్టాలో కోమలికి ఎంతకీ పట్టుబడటం లేదు. రేపే పరీక్ష. డిగ్రీ చదివిన దానివి నువ్వుండగా ట్యూషనెందుకు అనేసి, మా ఆయన నవీన్ రేణిగుంట గోడౌన్‌లో పనికి వెళ్లిపోయాడు. ఆయనకేం, ఎన్నైనా చెబుతాడు. కోమలి ఆయన మొదటి భార్య కూతురు. నేను ఈ ఇంటికొచ్చి ఏడాది కావస్తున్నా నన్ను ఏమనీ పిలవదు. ఆకలేస్తే గోడకు చెప్పినట్టు “అన్నం” అంటుంది. తల్లి పోయిన పిల్లను తొందరపెట్టకూడదని నాకూ తెలుసు. అయినా ఒక్కసారి ‘పిన్ని’ అంటే వినాలని ప్రాణం కొట్టుకుంటోంది.

సాయంత్రం పుస్తకం పక్కన పెట్టి, పిల్లను వంటింట్లో కూర్చోబెట్టాను.

“సూడు, గివ్ మీ ఎ గ్లాస్ అంటే ఏదో ఒక గ్లాసు. ఏదిచ్చినా సరే. గివ్ మీ ద గ్లాస్ అంటే మనిద్దరికీ తెలిసిన గ్లాసు. ఇదిగో, ఇట్లా,” అని చేతికందిన స్టీలు గ్లాసు తీసి దాని ముందు పెట్టాను.

పిల్ల బిగుసుకుపోయింది. అప్పుడు చూశాను, గ్లాసు మీద ‘పంకజాక్షి’ అని కోమలి తల్లి పేరు చెక్కి ఉంది. పెళ్లికి పుట్టింటివాళ్లు పేరు చెక్కించి ఇచ్చిన సామాను. నేను నొచ్చుకుంటానని నవీన్ అవన్నీ ముందే మూటగట్టి అటకెక్కించాడు. ఇదొక్కటి ఎలా మిగిలిందో! నా తొందర మండిపోనూ, చూసి తీయొద్దూ?

“ఇది మా అమ్మది,” అంది కోమలి. “మనిద్దరికీ తెలిసిందెట్లయితాది? మా అమ్మ నీకు తెలీదు గదా.”

“తెలీదు,” అన్నాను. అబద్ధమాడి ఏం లాభం? “నువ్వు సెప్తే తెలుసుకుంటా.”

కోమలి గ్లాసు ఒళ్లో పెట్టుకుని మెల్లగా మొదలుపెట్టింది. అమ్మ కాఫీ పొగలు కక్కుతుండగానే తాగేదట. చెయ్యి కాలకుండా కొంగుతో పట్టుకునేదట. నవ్వొస్తే సగం చీర మీద ఒలకబోసుకునేదట. వింటుంటే నాకు పంకజాక్షి మీద ఇష్టం పుట్టింది, కొంచెం అసూయ కూడా. లేచి కాఫీ కలిపాను. కోమలే దాన్ని ఆ గ్లాసులో పోసి నా ముందు పెట్టింది.

అప్పుడే నవీన్ వచ్చాడు. గ్లాసు చూసి కంగారుపడ్డాడు.

“ఇది ఈడికెట్లా వచ్చింది?” అంటూ తీసేయబోయాడు.

“ఉండనీ నాయనా,” అంది కోమలి. “పిన్ని ఇంకా తాగలేదు.”