కాలరు లోపలి సంతకం

శుక్రవారం కంపెనీ కాఫీ గదిలో అందరూ వాఫుల్స్ తింటున్న వేళ ఎస్కిల్ గోడమీది మాటను మార్చే పని పెట్టుకున్నాడు. "మన సూటు వేసుకున్న ప్రతి మనిషీ ఇంటికి చేరాలి" అని నలభై ఏళ్ళుగా అక్కడ రాసి ఉంది. సముద్రంలో పడ్డవాళ్ళు చలికి చచ్చిపోకుండా కాపాడే సూట్లు కుట్టే కంపెనీ అది. ఏప్రిల్‌లో వచ్చిన ఈ కొత్త మేనేజరుకి ఆ మాట అడ్డొచ్చింది.

"విలువలూ వ్యాపార ప్రణాళికా ఒకే దారిలో నడవాలి," అంటూ గోడకి అంటించే చిన్న పసుపు కాగితాలు పంచాడు. "సోమవారం నుంచి ఇరవై సూట్లకి ఒకదాన్నే పరీక్షిస్తాం. కాబట్టి 'చేరాలి' తీసేసి 'చేరేందుకు కృషి చేస్తాం' అందాం. మీ అభిప్రాయాలు రాయండి."

అభిప్రాయాలట! నిర్ణయం ఎప్పుడో అయిపోయింది. అయినా అందరూ బుద్ధిగా తలలూపి రాయడం మొదలుపెట్టారు. ఉత్తరాది చలిదేశపు ఈ రేవు ఊళ్ళో ఎవరికీ గొంతు పెంచడం రాదు. కోపం వస్తే ఇంకో కప్పు కాఫీ పోసుకుంటారు. సూట్లు పరీక్షించే తోరున్ మాత్రం పోసుకోలేదు.

ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ప్రతి సూటులోనూ గాలి నింపి, నీళ్ళ తొట్టిలో ముంచి, ఒక్క బుడగ కూడా రాలేదని కళ్ళారా చూశాకే ఆవిడ కాలరు లోపల సంతకం పెడుతుంది. కాడ్ చేపల వేటకెళ్ళే తమ్ముడు సివెర్ట్ వేసుకునేదీ ఈ సూట్లే.

"మరి నా సంతకం?" అని అడిగింది.

"అది ఉంటుందండీ. కొనేవాళ్ళకి దానిమీద గురి. ఇకమీద అన్ని సూట్లమీదా మెషీనే అచ్చేస్తుంది."

తోరున్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. "నేను చూడని సూటుకి నా పేరా? సిగ్గులేదూ నీకు?"

"ఆవేశపడకండి తోరున్. వందలో ఒకటి కూడా కారదు."

"ఆ ఒక్కటీ మా సివెర్ట్ వేసుకుంటే? సరే, లేచి రా. చేరిన రోజున, కొత్తగా వచ్చే అందరిలాగే సూటు వేసుకుని రేవులో దూకావుగా, నవ్వుతూ ఫొటోలు కూడా దిగావు. ఇవాళ మళ్ళీ దూకు."

కుట్టుపని చేసే గెర్డ్ కిసుక్కున నవ్వింది. ఎస్కిల్‌కి పౌరుషం వచ్చింది. "దూకుతాను, అదెంత పని?" అని లేచాడు.

తోరున్ పక్కగది తలుపు బార్లా తెరిచింది. నిన్న కుట్టిన సూట్లు వరసగా వేలాడుతున్నాయి. పొద్దుటినుంచి వాటిలో సగమే పరీక్షించింది.

"నీ ఇష్టం. ఏదైనా తీసుకో."

ఎస్కిల్ ఒకటి లాగాడు. వేసుకోబోతూ కాలరు మడిచి లోపల చూశాడు. ఖాళీగా ఉంది. తిరిగి తగిలించేశాడు. ఇంకోటి తీసి దాని కాలరూ మడిచాడు. అందరూ తననే చూస్తున్నారని అప్పుడు గమనించాడు. చెయ్యి ఆగిపోయింది.

"ఏం వెతుకుతున్నావు?" అంది తోరున్.

ఎస్కిల్ ఆ కాలరు గబుక్కున మూసేశాడు.

"నీ ప్రాణం దగ్గరికొచ్చేసరికి నేను చూసిందే కావాల్సొచ్చిందా? మా తమ్ముడికి మాత్రం అచ్చు సంతకం సరిపోతుందా?" పసుపు కాగితం ఒకటి అతని చేతిలో కుక్కింది. "రాయి. 'నాకైతే పరీక్షించిన సూటే కావాలి' అని రాసి ఆ గోడకి అంటించు. అప్పుడు ఒకే దారిలో నడుస్తాయి నీ విలువలూ, నీ ప్రణాళికా!"

గెర్డ్ వచ్చి అతనికి పెన్ను అందించింది.