ఫెలిమ్ గానన్ ఓటు

మా కౌంటీ నియోజకవర్గం ఇప్పుడు లేదు. 1885లో దాన్ని ఉత్తరం, దక్షిణం అని రెండు ముక్కలు చేశారు. నేను చెప్పేది అంతకు ముప్పై ఏళ్ల ముందు సంగతి. అప్పట్లో ఐర్లండులో ఓటంటే నోటితో చెప్పేదే. కిల్రోవన్ కోర్టు హాల్లో అందరి ఎదుటా నిలబడి, తన పేరు చెప్పి, ఓటెవరికో చెప్పాలి. అది పుస్తకంలో రాసుకునే గుమాస్తాను నేను, ఓవెన్ మల్వీని. నా పక్కనే జమీందారు ఏజెంటు హాకెట్ కూర్చునేవాడు. జమీందారు భూమిలో కాపురముండే కౌలురైతుల్ని బళ్ల మీద తోలుకొచ్చి, ఎవడి నోట ఏ పేరొస్తుందో కనిపెట్టేవాడు.

1852లో ఆ రైతుల్లో ఫెలిమ్ గానన్ ఒక్కడే, జమీందారు నిలబెట్టిన మనిషిని కాదని, రైతుల వైపు పోటీచేసిన ల్యూక్ టైనన్ పేరు చెప్పాడు. క్రిస్మస్‌కు ముందు హాకెట్ మనుషులు గునపాలతో వచ్చి అతని ఇంటికప్పు కూల్చేశారు. పదకొండు రోజులు గోడ వారన వానలో పడుకుని ఫెలిమ్ చచ్చిపోయాడు. జాబితాలో అతని పేరు నా చేత్తోనే కొట్టేశాను.

మూడేళ్లకు ఉప ఎన్నిక వచ్చింది. టైనన్ మళ్లీ నిలబడ్డాడు. పేర్లు పిలుస్తూ పిలుస్తూ ఒక వరుస దగ్గర ఆగిపోయాను. ఫెలిమ్ పేరు మీద నేను గీసిన గీత లేదు. కాగితం అక్కడ చెమ్మగా ఉంది.

హాకెట్ తొంగిచూసి నవ్వాడు. "పిలవవయ్యా. సమాధిలోంచి లేచొస్తాడేమో చూద్దాం."

పిలిచాను.

గుమ్మం దగ్గరి జనం, తమకు తెలియకుండానే, ఒక మనిషికి పట్టేంత దారి వదిలారు. ఆ దారిలో ఎవరూ లేరు. గొంతు మాత్రం వినిపించింది.

"ఫెలిమ్ గానన్. ల్యూక్ టైనన్‌కి."

ఆ గొంతు ఎరగనివాళ్లు ఆ హాల్లో లేరు. కుళ్లిన గడ్డికప్పు వాసన వేసింది. నేల మీద తడి అడుగులు బల్లదాకా వచ్చి, సరిగ్గా హాకెట్ ఎదుట ఆగాయి. వెనక్కి వెళ్లిన అడుగులు లేవు. ఎన్నిక జరిపించే అధికారి షరీఫ్ మొహం పాలిపోయింది. మనిషి కనబడనిదే ఓటు రాయడానికి వీల్లేదని గొణిగి, తరవాతి పేరు పిలవమన్నాడు.

తరవాతి పేరు హ్యూ రాఫర్టీ. నీడను చూసినా జడిసే మనిషి. ఆ అడుగుల్ని తొక్కకుండా చుట్టూ తిరిగి వచ్చి, ఎవరి పక్కనో నిలబడ్డట్టు కాస్త ఎడంగా నిలబడ్డాడు.

"ఆరుగురు పిల్లలురా నీకు," అన్నాడు హాకెట్. అప్పటికే అతని కుర్చీ వెనక్కి జరిగి జరిగి గోడకు ఆనుకుంది.

"తెలుసు దొరా," అన్నాడు హ్యూ. పక్కనున్న తడి అడుగుల వైపు ఓసారి చూశాడు. "టైనన్‌కి."

అతని వెనకే ఇరవై ఆరుగురు అదే పేరు చెప్పారు. టైనన్ గెలిచాడు.

హాకెట్ ఊరుకోలేదు. వారం తిరక్కుండా హ్యూ ఇంటికప్పు కూల్పించాడు. మర్నాడు మరో ఇంటికి పొమ్మంటే మాత్రం గునపాలవాళ్లు ఒక్కరూ పనిలోకి రాలేదు. రమ్మని కబురు పెడితే ఒంట్లో బాగాలేదన్నారట, అందరూ ఒకే మాటగా.

ఫెలిమ్ భార్య సిబీ ఊరవతల చిన్న గుడిసెలో ఉండేది. జరిగిందంతా వెళ్లి చెప్పాను. ఆమె ఏడవలేదు.

"గొంతెలా ఉంది నాయనా?"

"తడిసి వణుకుతున్న మనిషి గొంతులా ఉంది, పిన్నీ."

"అయితే వాన ఇంకా వదల్లేదన్నమాట ఆయన్ని," అంది. శాలువా కప్పుకుని లేచింది.

ఆ పూటే హ్యూని వెంటబెట్టుకుని, కప్పు కూలి పాడుబడ్డ తన పాత ఇంటికి వెళ్లింది. ఇరుగుపొరుగు గడ్డి మోసుకొచ్చారు. పట్టపగలు, హాకెట్ గుర్రం మీద చూస్తుండగానే, నాలుగు రోజుల్లో కప్పు వేసేశారు. చివరికి అతను గుర్రం తిప్పుకుని వెళ్లిపోయాడు. హ్యూ పిల్లలతో సహా అందులోకి మారాడు. ఒక మూల సిబీకి ఇచ్చాడు.

వాన పడ్డ రోజు మధ్యాహ్నం నేను అటు వెళ్లాను. లోపల పొయ్యి దగ్గర, గడ్డి మీద పడే చినుకుల చప్పుడు వింటూ వింటూ సిబీ కూర్చున్నచోటే నిద్రపోయింది. ఆమెను లేపొద్దని హ్యూ చేత్తో సైగ చేశాడు.