ఓనోరే చెప్పిన గురుతు

షుగరు ముదిరి కాలు తీసేశాక ఓనోరే వసారాలో కుర్చీకి అతుక్కుపోయాడు, నోరు మాత్రం తగ్గలేదు. ఆ ఏడు ఈస్టరుకి ఇంటి రేకులకి ఎర్ర రంగు వెయ్యలేదని కూతురు ఫిలోమెన్‌ని రోజూ సాధించేవాడు. ఏటా ఆ పని తనే నిచ్చెనెక్కి చేసుకునేవాడు. బతికున్నన్నాళ్లూ పెళ్లాం తిడుతూనే ఉండేది. వంటింట్లో వాన కారుతుంటే పైన రంగులేమిటి, మింగ మెతుకు లేదు గానీ మీసాలకు సంపెంగ నూనె అని. ఆ దీవిలో, సముద్రం ఒడ్డున ఉన్న సూఫ్రియేర్ ఊరంతా ఆ మాట విని నవ్వింది.

ఇప్పుడు గొడవ పడవ గురించి. ఓనోరే వెదురు బోన్లు సముద్రం అడుగున చేపల కోసం నోళ్లు తెరుచుకుని పడున్నాయి. వాటికి పైన గుర్తుగా తేలే బెండు కట్టరు, కడితే తెల్లారేసరికి ఇంకొకడివి అవుతాయి. నీళ్ల మీద నిలబడి గట్టు వైపు చూసి, పితోన్ కొండలు రెండింటినీ, ఊరినీ చూపులో ఒకదాని మీదికి ఒకటి తెచ్చుకుని చోటు పట్టాలి. ఎవడి గురుతు వాడిది. అడిగితే చెప్పనివాడు లేడు, నిజం చెప్పినవాడూ లేడు.

పడవని గురుతుతో సహా కొంటానని సాటి జాలరి క్లోడియస్ రెండుసార్లు వచ్చి వెళ్లాడు. అది అతని చేతికి పోతే ఫిలోమెన్‌కి మిగిలేది కొండ కింద హోటల్లో దుప్పట్లు ఉతికే పని. ఆ పని తలుచుకుంటేనే ఆమెకి ఒళ్లు మండేది. పడవ నాకివ్వమని తండ్రిని ముఖం మీదే అడిగింది. ఓనోరే అవుననలేదు, కాదనలేదు. ఓ పొద్దున కోకో టీ తాగుతూ, చిన్న పితోన్ దాటి పోయి, దాని నడుం మీది తెల్లబండ కింద, బోను తగిలేలా అడుగున కొక్కెం వెయ్యమన్నాడు.

మొగుడు ఎవారిస్ట్‌ని తీసుకుని వెళ్లింది. ఎవారిస్ట్ మంచివాడే, నోట్లో నువ్వుగింజ నానదు, అంతే. మధ్యాహ్నం దాకా కొక్కెం ఈడ్చినా నాచు తప్ప ఏమీ తగల్లేదు. ముసలాయనకి మతి పోయిందన్నాడు ఎవారిస్ట్. మతి పోలేదని ఆమెకి తెలుసు. ఊరందరికీ చెప్పినట్టే కన్నకూతురికీ అబద్ధం చెప్పాడు. తలుచుకుంటే ఏడుపొచ్చింది.

రేవులో క్లోడియస్ ఎదురొచ్చాడు. "ఏమ్మా, ఖాళీ చేతులేనా? ఎక్కడ చూడమన్నాడేంటి మీ నాన్న?"

ఉన్నదున్నట్టు చెప్పి తండ్రి పరువు తీసెయ్యాలన్నంత కోపం ఉంది. మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"నేనే తప్పు విన్నాను బాబాయ్," అంది. "ఉత్తరాన కొండ ముక్కు దగ్గరన్నాడు. రేపు ఎండెక్కాక పోతాం."

ఎవారిస్ట్ కూడా నమ్మేసి, అంత దూరం వెళ్లొచ్చింది దండగేనా అని దారంతా సణిగాడు.

మర్నాడు పొద్దున్నే క్లోడియస్ పడవ ఉత్తరాన గానుగెద్దులా తిరుగుతోంది. ఓనోరే వసారాలోంచి చాలాసేపు చూశాడు.

"వాడక్కడేం వెతుకుతున్నాడే?"

"నేనే పంపాను. నువ్వు నాకే అబద్ధం చెప్పావు నాన్నా."

"అవును. మా నాన్న నాకు రెండేళ్లు అబద్ధమే చెప్పాడు. మొదటిసారే నేను రేవంతా టముకేసి వచ్చాను మరి." కుర్చీ దగ్గరకి జరగమని సైగ చేశాడు. "విను. పెద్ద పితోన్ కుడి భుజం చిన్నదాని వెనక నుంచి అప్పుడే బయటికి రావాలి. అక్కడ ఆగి ఊరి వైపు తిరుగు. చర్చి గోపురం నెత్తిన ఎర్రగా ఒకటి ఆనాలి."

"ఎర్రగా ఏంటి?"

ఓనోరే తలెత్తి పైన రేకుల వంక చూశాడు.

"అమ్మకైనా చెప్పి ఉండాల్సింది," అంది ఫిలోమెన్. "ఎన్ని తిట్లు తిట్టింది నిన్ను."

"తిట్టనీ. రేవులో కూర్చుని చేపలమ్మే మనిషికి చెప్తానా?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "చెప్పాల్సిందే," అన్నాడు.

ఆ రోజే వెళ్లింది. ఎవారిస్ట్ తాడు పట్టుకుని నీళ్లలోకి చూస్తున్నాడు, ఆమె గట్టు వైపు చూస్తోంది. రంగు వెలిసిపోయిన రేకులు కొండ పచ్చదనంలో కలిసిపోయాయి. కళ్లు చికిలించి చాలాసేపు వెతికితే గానీ అవి గోపురం మీదికి రాలేదు. రెండోసారికే కొక్కెం బిగిసింది. బోను నిండా చేపలు.

ఆ ఆదివారం చర్చి నుంచి రాగానే ఎర్ర రంగు డబ్బా తీసుకుని నిచ్చెనెక్కింది. కింద నిచ్చెన పట్టుకున్న ఎవారిస్ట్‌కి చిరాకొచ్చింది.

"వంటింట్లో కారుతుంటే అది బాగుచెయ్యకుండా పైన ఈ రంగులెందుకే?"

ఫిలోమెన్ కుంచె ఆపి మొగుడి వంక చూసింది. మంచివాడు. చెప్తే సంతోషిస్తాడు. సాయంత్రం రమ్ము కొట్లో క్లోడియస్ పక్కనే కూర్చుంటాడు.

"అందం కోసం," అంది.

వసారాలో ఓనోరే పగలబడి నవ్వాడు.