తిరుగుడు గూడు

పెరూ కొండల్లోని కుస్కోలో ఆ హోటలు నా చిన్నతనం దాకా సన్యాసినుల మఠం. కింద ఇన్కా రాజుల నాటి నల్లరాయి, పైన స్పెయిన్ దొరలు కట్టించిన సున్నపు గోడలు, మధ్యలో రాతి పలకల ముంగిలి. సన్యాసినులు చాపల మీద పడుకున్న గదుల్లో ఇప్పుడు మనిషి మునిగిపోయేంత మెత్తటి పరుపులు. కొండ ఎత్తుకు ఊపిరాడని అతిథుల కోసం గదుల్లోకి గొట్టాలతో ప్రాణవాయువు కూడా వదులుతారు.

యొవానా అక్కడ రిసెప్షన్‌లో పనిచేసేది. పొద్దున్నే వచ్చి, నల్లకోటు తొడుక్కుని, పూలకూజాల్లో నీళ్లు మార్చి, ఆ తర్వాత వీధిగోడలో ఉన్న తిరుగుడు గూటి తలుపు తెరిచేది. మఠం రోజుల్లో సన్యాసినుల ముఖం బయటివాళ్లు చూడకూడదు. అందుకని ఎవరు ఏమిచ్చినా వీధిలోంచి ఆ గూట్లో పెట్టి తోసేవారు. కొయ్యపీపాలాంటి ఆ గూడు గుండ్రంగా తిరిగి, పెట్టినది లోపలివాళ్లకు అందేది. సన్యాసినులు ఊరి చివరి కొత్త మఠానికి వెళ్లిపోయారు గానీ గూడు తన పని మానలేదు. ఎన్నడో తనలో పెట్టినవాటిని రోజుకొకటిగా తిరిగి తెచ్చి చూపించేది. ఒకనాడు మైనపు వత్తుల కట్ట. ఒకనాడు రొట్టెలు, ఇంకా ఆవిరి చల్లారనివి. ఒకసారి కాళ్లు కట్టేసిన కోడిపెట్ట. ఎవరూ బయటికి తీసేవారు కాదు. మిట్టమధ్యాహ్నం పెద్దగుడి గంట మోగగానే గూడు తనే తిరిగి, వచ్చినదాన్ని వచ్చిన చోటికి తీసుకుపోయేది.

తీస్తే ఏమవుతుందో పాత మేనేజరు పుణ్యమా అని తెలిసింది. ఆయన గూట్లో కనబడ్డ వెండి గిన్నె తీసి బల్ల మీద పెట్టుకున్నాడు. ఆ క్షణానే పక్క సందులోని ప్రార్థనాలయంలో చేతిగంట మాయమైంది. ఆ గిన్నె కరిగించి పోయించిన గంట అది. గూట్లోంచి తీస్తే అసలు పెట్టనట్టే; పెట్టాక జరిగినదంతా జరగనట్టే. అక్కడి ఫాదరు నాలుగు రోజులు విసుక్కుని, ఆ తర్వాత చప్పట్లు కొట్టి జనాన్ని మోకరింపజేయడం అలవాటు చేసుకున్నాడు.

ఫిబ్రవరి వానలకు అతిథులు తగ్గుతారు. అప్పుడు పనివాళ్ల తల్లిదండ్రులను ఒక రాత్రి ఖాళీ గదిలో ఉంచి మర్యాద చేయడం ఆ హోటలు వాళ్ల ఆనవాయితీ. ఆ ఏడు యొవానా వంతు వచ్చింది. తల్లి దమియానా రానంటే రానంది.

"వడగళ్ల నెలలో ఊరొదిలి ఎలా వస్తానే? అసలే అందరి కళ్లూ నా మీదే."

ఆ మాట నిజమే. బిడ్డ పుట్టగానే ఇంట్లోనే ఉప్పు కలిపిన నీళ్లు నెత్తిన పోసి పేరు పెట్టాలి. ఆ తర్వాతే గడప దాటించాలి. పేరు లేకుండా దాటిన బిడ్డను వెతుక్కుంటూ వడగళ్లు దిగుతాయని మా కొండల్లో తెలియనివాళ్లు లేరు. దమియానా తొలిచూలు బిడ్డ అలా దాటిపోయింది. పెళ్లికి ముందు సంగతి. బిడ్డ తండ్రి అడవి వైపు బంగారం వెతకబోయి మళ్లీ రాలేదు. కాన్పు జ్వరంలో దమియానా ఒళ్లు తెలియక పడి ఉంటే, ఆమె తల్లి బిడ్డను దుప్పట్లో వేసుకుని పట్నం దిగి, వట్టి చేతులతో తిరిగొచ్చింది. "పోయిందే తల్లీ. అక్కడే పూడ్చాను" అంది. ఎక్కడని అడిగితే పొయ్యి వైపు తిరిగి కూర్చుంది. చెప్పకుండానే కన్నుమూసింది.

ఆ తర్వాత ఎయుసేబియో అన్నీ తెలిసే దమియానాను చేసుకున్నాడు. "చంకలో పిల్ల లేదు కాబట్టి ఒప్పుకుంటున్నాను, ఉంటే నా గడప తొక్కనివ్వను" అని అతని తల్లి అప్పుడే తెగేసి చెప్పింది. వాళ్లకు పుట్టింది యొవానా.

ఏటా వడగళ్లకు ఆలుగడ్డ ఆకులు చిల్లులు పడ్డప్పుడల్లా ఊరు దమియానా గుమ్మం వైపు చూసేది. "ఎక్కడ పూడ్చారో చెప్పు, వెళ్లి నీళ్లు పోసి వస్తాం" అని మొదట బతిమాలారు, తర్వాత తిట్టారు. ఈసారి ఊరి సభలో తేల్చేశారు: ఇంకొక్కసారి పడితే మొగుడూ పెళ్లాలు చేను వదిలి పోవాలి.

"ఇంట్లో కూర్చుని మబ్బును తాడేసి కట్టేస్తావా?" అన్నాడు ఎయుసేబియో. "పద. ఒక్క రాత్రి దొరల పరుపెక్కుదాం."

గదిలో కాలు పెట్టగానే అతను గుళ్లోకి వచ్చినట్టు టోపీ తీశాడు. స్నానాల తొట్టి చూసి, "మన గొర్రెలన్నిటినీ ఒకేసారి కడగొచ్చు" అన్నాడు. గోడ వైపు చెవి పెట్టి, "ఆ బుస ఏమిటే అమ్మాయ్?"

"ప్రాణవాయువు నాన్నా. ఊపిరందనివాళ్లకి."

"కట్టెయ్, కట్టెయ్. ఎక్కువ పీల్చి ఉబ్బిపోతే రేపు బస్సెక్కనివ్వరు."

యొవానా నవ్వింది. దమియానా నవ్వలేదు. కిటికీ దగ్గర నిలబడి, కొండల మీద ముద్దకడుతున్న మబ్బును చూస్తూ ఉండిపోయింది. పరుపు మీద ఆమెకు నిద్ర రాలేదు. దుప్పటి లాక్కుని కింద పడుకుంది.

తెల్లవారాక కోకా ఆకుల కషాయం కోసం ఇద్దరూ కిందికి దిగేసరికి యొవానా అప్పుడే గూడు తెరిచింది. లోపల పసిగుడ్డు. మెడ నుంచి పాదాల దాకా నేసిన పట్టీతో బిగించి చుట్టిన పిల్ల, నిద్రలో పెదాలు కదుపుతోంది. మఠం గూట్లో పసివాళ్లు రావడం కొత్తేం కాదు. "ఎవరి కడుపు పంటో, దేవుడే చూసుకోవాలి" అని సిలువ గుర్తు వేసుకుని యొవానా తలుపు మూయబోయింది.

"ఆగు" అంది దమియానా.

పట్టీ మీద ఎర్ర బాతుల వరుస ఉంది. అన్నీ ఒకే వైపు నడుస్తుంటే మధ్యలో ఒక్కటి మాత్రం వెనక్కి తల తిప్పింది. ఆ తప్పు దమియానా చేతిదే. విప్పి సరిచేస్తానంటే, కడుపుతో ఉన్నది నేసింది విప్పకూడదని తల్లి కేకలేసింది.

"పూడ్చలేదు" అంది దమియానా. "ఇక్కడ పెట్టింది. నా పిల్ల చావలేదు."

ఎయుసేబియో పక్కనున్న మెత్తటి కుర్చీలో కూలబడ్డాడు. "ముసలిది, మీ అమ్మ! అన్నేళ్లు నా చేతి అన్నం తిని ఒక్క ముక్క చెప్పలేదు."

"చెబితే మీ అమ్మ నన్ను రానిచ్చేదా?"

పిల్ల కళ్లు తెరిచింది. ముఖం ఎర్రగా చేసుకుని ఏడుపందుకుంది. దమియానా రెండు చేతులూ గూట్లోకి పోయాయి.

"అమ్మా" అంది యొవానా మెల్లగా. "వెండి గిన్నె సంగతి చెప్పాను కదా."

"చెప్పావు."

"తీస్తే అది ఇక్కడికి రానట్టే. నీ చంకలోనే పెరిగినట్టు. అప్పుడు నాన్నకీ నీకూ పెళ్లి..."

"నోరు మూసుకోవే" అన్నాడు ఎయుసేబియో.

"ఉండు నాన్నా. అమ్మకి తెలియాలి." యొవానా కోటు గుండీ పెట్టుకుంది, పెట్టుకున్నదాన్నే మళ్లీ తీసి పెట్టుకుంది. "నీకు కావాలంటే తీసుకో అమ్మా. నేను కొన్నాళ్లు బతికాను. మంచిగానే బతికాను. దానికింకా పాల రుచి కూడా సరిగ్గా తెలీదు."

దమియానా చేతులు పిల్లకు అటూ ఇటూ ఆగిపోయాయి, తాకకుండా. అడిగింది: "వీళ్లని ఏం చేసేవాళ్లు?"

"పిల్లల్లేనివాళ్లకి పెంపకానికి ఇచ్చేవాళ్లంట. అరెకీపాకి, లీమాకి. ఈపాటికి ఎక్కడో ఉంటుంది. దానికీ పిల్లలుంటారు."

దమియానా గూట్లోని పిల్లను చూసింది. కోటులో నిలబడ్డ పిల్లను చూసింది.

"ఉప్పు పట్రా. నీళ్లూ పట్రా" అంది.

వంటింట్లోంచి యొవానా గాజు గ్లాసుతో వచ్చి తల్లికి అందించబోయింది. దమియానా తీసుకోలేదు. "కన్నతల్లి పోయకూడదు. బిడ్డకు అండగా నిలిచే జ్ఞానతల్లి పోయాలి. నువ్వు పొయ్యి."

"మా అక్కకి నేను జ్ఞానతల్లినా?"

"ఇంకెవరున్నారే దానికి ఇక్కడ?"

యొవానా వేళ్లతో పిల్ల తల కింద కొంచెం ఎత్తు చేసింది, గూట్లోంచి కదపకుండా. "పేరేమని?"

"హెర్మెలిందా." మగ్గం ముందు కూర్చుని ఎవరికీ వినబడకుండా పిలుచుకున్న పేరు అది. పైకి అనడం అదే మొదలు. ఎయుసేబియో లేచి టోపీ గుండెలకు ఆనించుకున్నాడు. ఉప్పునీళ్లు తగలగానే పిల్ల ఉలిక్కిపడి, ఏడుపు ఆపి, వెక్కుతూ చూసింది.

"గంట మోగేదాకా ఉండొచ్చమ్మా" అంది యొవానా. "కూర్చో. కుర్చీ వేస్తాను."

"గంట దాకా ఉంటే తీసేసుకుంటాను."

అని, గూటి అంచున అరచేయి ఆనించి దమియానా తనే తిప్పింది. పాత కొయ్య మూలిగింది. వెక్కిళ్లు గోడలోకి పోయాయి, గోడ అవతలికి పోయాయి. వీధిలో తలుపు చప్పుడు ఒకటి వినిపించింది. ఆ తర్వాత టాక్సీల హారన్లే.

మా ఆచారంలో బిడ్డ తల్లీ, జ్ఞానతల్లీ ఒకరినొకరు కొమాద్రే అని పిలుచుకోవాలి. గుమ్మం దగ్గర దమియానా మూట భుజానికెత్తుకుని, కూతురి ముఖం చూడకుండా, "వెళ్లొస్తాం కొమాద్రే" అంది.

"వెళ్లి రండి కొమాద్రే" అంది యొవానా. లోపలికి పోయి బల్ల తుడిచింది.

బస్సు సగం కొండ ఎక్కేసరికి ఆకాశం నల్లబడింది. ఎయుసేబియో తమ్ముడికి ఫోన్ చేసి చాలాసేపు విన్నాడు. "వానేనట" అన్నాడు చివరికి. "మబ్బు చూసి అందరూ తలల మీద తట్టలు పెట్టుకుని నిలబడ్డారట. వట్టి వానేనట. ఒక్క వడగల్లయినా లేదు. చేను నిలబడిందే దమియానా."

ఎదుటి సీటులో ఎవరి బిడ్డో ఏడుస్తోంది. దమియానా రవిక ముందు భాగం రెండు వైపులా తడిసి ఉంది. వయసుడిగిన ఒంట్లో పాలు చేపి, ఆగకుండా కారుతున్నాయి. ఎయుసేబియో చూశాడు. భుజాల మీది ఉన్ని పోంచో తీసి, ఆమె మెడ చుట్టూ తిప్పి, ముందు కప్పాడు. తర్వాత కిటికీ వైపు తిరిగి ఊరు వచ్చేదాకా బయటికే చూస్తూ కూర్చున్నాడు.