పన్నెండో సంతకం

పరుపు కింద నుంచి తెల్ల చొక్కా తీసి, మడత చెడకుండా రెండు చేతులతో పట్టుకుని వెలుతురులో చూసుకుంది పంతులమ్మ. ఇస్త్రీపెట్టె లేనివాళ్లకు పరుపే ఇస్త్రీపెట్టె. ఏడోసారి ఆ చొక్కా తొడుక్కుని, అద్దంలో తన మొహానికి తానే "గుడ్ మార్నింగ్" చెప్పుకుంది. గొంతు బొంగురుగా వచ్చింది. నిన్న మధ్యాహ్నం నుంచి ఆ గొంతుతో పని పడలేదు మరి.

ఉతికిన చొక్కా తొడుక్కుని ఉద్యోగానికి బయలుదేరే పిల్లను చూస్తే మనందరికీ ముచ్చటేస్తుంది. ఆ పిల్ల వెళ్లిన చోట ఏం జరుగుతుందో మాత్రం అడగం. ఈసారి అడుగుదాం, నాతో రండి.

పంతులమ్మ అన్నది ఆమెకు బాబాయి పెట్టిన పేరు. చిన్నప్పుడు కోళ్లగంప ముందు కూర్చుని కోళ్లకు ఏబీసీడీలు చెప్పేదట. తండ్రి లేని పిల్లను ఆ బాబాయే చదివించాడు. ఆయనకు ఒక ఇంగ్లీషు మీడియం బడి ఉంది. కాలేజీ లైబ్రరీ గోడ మీద ఒక సముద్రపు ఊరి బొమ్మ ఉండేది. కొండవాలున మెట్లమెట్లుగా ఇళ్లు, వాటి మధ్య ఎర్ర ట్రాము బండి. మూడేళ్లు ఆ బొమ్మ కిందే కూర్చుని చదివింది. బొమ్మలోని ఆ పరాయి దేశంలో ఇంగ్లీషు చెప్పే ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టినప్పుడు, ఆ దేశంలోనే, సముద్రానికి ఆరు గంటల దూరంలో ఉన్న ఒక చిన్న ఊరి బడివాళ్లు రమ్మని రాశారు. ఆమె వెళ్లనంది. "చేస్తే బొమ్మలో ఊళ్లోనే చేస్తాను" అంది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. తొంభై రోజుల వీసా గడువు మీద వచ్చి దిగింది.

ఊరు బొమ్మలో ఉన్నట్టే ఉంది. మనుషులు కూడా బొమ్మలో ఉన్నట్టే ఉన్నారు, ఒక్కరూ పలకరించరు. మేడమీది గదిలో ఒక మంచం, ఒక కుర్చీ. రెండో కుర్చీ అవసరం రాలేదు. పక్కగదిలో ఎవరో దగ్గితే, హమ్మయ్య, మనిషి ఉన్నాడు అనుకునేది.

ఇంగ్లీషు చెప్పే బడులు ఆ ఊళ్లో చాలానే ఉన్నాయి. అన్నిచోట్లా ఒకటే మాట: "ముందు ఒక నమూనా పాఠం చెప్పి చూపించండి." న్యాయమే. కొనేవాడు వంకాయనైనా గిల్లి చూస్తాడు. ఆమె చెప్పేది, వాళ్లు చిరునవ్వుతో "కబురు చేస్తాం" అనేవాళ్లు. కబురు వచ్చేది కాదు.

ఒక్క బడి నుంచి మాత్రం వచ్చింది. ట్రాము ఆఖరి స్టేజీ దగ్గరి బడి. అక్కడి మేనేజరమ్మ మాట తేనెలో ముంచి తీసినట్టుంటుంది. "మీ పాఠం మాకు చాలా నచ్చింది. ఇంకో క్లాసులో కూడా చూడాలి" అంది. రెండోసారి వెళ్లింది. మూడోసారీ పిలుపు వచ్చింది. గంటసేపు పాఠం, హాజరు కూడా ఆమే వేయాలి. చూడ్డానికి మాత్రం ఎవరూ వచ్చి కూర్చోరు.

అది ఆమెకు తట్టలేదా అని మీరు అడగవచ్చు. తట్టింది. కానీ ఇంకో సంగతి ఉంది. వారమంతటిలో మనుషులతో మాట్లాడేది ఆ గంట ఒక్కటే. క్లాసులోవాళ్లు నవ్వితే, తప్పు చదివి నాలుక కరుచుకుంటే, ఆమెకు కడుపు నిండేది. దాహంతో ఉన్నవాడు చెంబు ఎవరిదని అడుగుతాడా?

ఆ రోజు బయలుదేరబోతుంటే బాబాయి ఫోన్ చేశాడు.

"ఏమే పంతులమ్మా, ఉద్యోగం ఖాయమైనట్టేనా? ఇక్కడ నేను అందరికీ చెప్పేశాను. మొన్న బడి బోర్డు మీద నీ ఫొటో కూడా వేయించాను."

"అప్పుడే ఎందుకు బాబాయ్? ఇంకా పరీక్షలే పెడుతున్నారు."

"మూడుసార్లు పిలిచారంటే పెళ్లిచూపులు అయిపోయినట్టే. ఇక ముహూర్తమే! గొంతు అదోలా ఉందేం? జలుబా?"

"ఆఁ, జలుబే" అంది.

గడువు ఇంకా పంతొమ్మిది రోజులుంది.

ఆ వేళ పెద్దవాళ్ల క్లాసు. తొమ్మిదిమంది. యాభై తొమ్మిదో పేజీ తెరిచి సిద్ధంగా ఉన్నారు. పాఠం బాగా నడిచింది. గంట కొట్టాక అందరూ వెళ్లిపోయినా ముందు బెంచీలోని ముసలాయన కదల్లేదు. ఆయన గడియారాలు బాగుచేసే మనిషి. భార్య పోయాక ఇంట్లో గడియారాలు తప్ప మాట్లాడేవాళ్లు లేరని, అందుకే క్లాసుకు వస్తున్నానని పాఠంలోనే చెప్పాడు. ఇప్పుడు నోటుపుస్తకం ఆమె ముందుకు జరిపాడు.

"టీచర్ గారూ, ఇక్కడ ఒక సంతకం పెట్టండి."

"నా సంతకం దేనికండీ?"

"మా దుకాణానికి గడియారం వస్తే, ఏ రోజు ఎవరు బాగుచేశారో రాసి పెట్టుకుంటాం. రేపు ఆగిపోతే ఎవరిని అడగాలో తెలియాలి కదా. పాఠం కూడా అంతే. ఎవరు చెప్పారో ఉండాలి."

ఆమె పేజీ చూసింది. తేదీ, పేజీ నంబరు, పక్కన సంతకం. ఒక్కో వరసలో ఒక్కో చేతిరాత. నలభై మూడో పేజీ దగ్గర ఒకరు, నలభై నాలుగు దగ్గర ఇంకొకరు. పదకొండుమంది.

"మా టీచర్ పోయినెల మానేశారు. అప్పటి నుంచి రోజుకొకరు వస్తున్నారు" అన్నాడు ఆయన. "మొదట్లో పేర్లు గుర్తుపెట్టుకునేవాళ్లం. ఇప్పుడు మానేశాం. మీరు రేపు వస్తారా?"

ఆమె చేతిలో కలం ఆగిపోయింది. తనలాగే ఎవరెవరో పదకొండుమంది ఉతికిన చొక్కాలు తొడుక్కుని వచ్చి ఉంటారు. ఎవరి గదిలో వాళ్లు ఇప్పటికీ కబురు కోసం చూస్తూ ఉంటారు.

సంతకం పెట్టింది. పన్నెండోది. నోటుపుస్తకం ఒక్క నిమిషం అడిగి తీసుకుని, మేనేజరమ్మ గదికి వెళ్లింది.

"ఇవన్నీ నమూనా పాఠాలే కదండీ?"

"అవును" అంది మేనేజరమ్మ, చిరునవ్వు చెరగకుండా.

"నమూనా అయితే పుస్తకం ఎలా నడిచిందండీ? నలభై మూడు నుంచి యాభై తొమ్మిదికి వచ్చింది."

మేనేజరమ్మ కాసేపు ఆ పేజీ వంక చూసింది. కోపం తెచ్చుకోలేదు. "తెలివైనవారు. మీలాంటి మనిషే నాకు కావాలి" అంది. "ఉద్యోగం మీదే. రేపే కాగితాలు ఇస్తాను. పొద్దుటి క్లాసులు మీరు చెప్పండి. సాయంత్రం క్లాసులకు నమూనా పాఠాలవాళ్లను పిలిచే పని కూడా మీరే చూసుకోండి. మీరైతే నమ్మకంగా మాట్లాడతారు."

కోరిన ఊళ్లో కోరిన ఉద్యోగం! గదికి వచ్చి బాబాయికి ఫోన్ చేసింది. ఆయన సంబరపడిపోయాడు. ఆ రెండో పని సంగతి చెబితే పకపకా నవ్వాడు.

"ఓసి పిచ్చిమొహమా! ఇందులో ఏముందే? మన బడిలో చేయలేదూ? పదో తరగతి టీచరమ్మ పురిటికి వెళితే అలాగేగా నెట్టుకొచ్చాం! గొడుగు పట్టుకుని ఒకావిడ వచ్చేది, వారం రోజులు చెప్పింది పాపం. గేటు దగ్గర నువ్వే కదూ, 'కబురు చేస్తాం' అని పంపింది?"

పంతులమ్మకు ఆ గేటు గుర్తొచ్చింది.

నిజమే. కాలేజీ సెలవుల్లో బాబాయికి సాయంగా గేటు దగ్గర కూర్చునేది. గొడుగావిడ ఆఖరి రోజు మంచినీళ్లు అడిగి తాగి, "అమ్మాయ్, నా పాఠం విన్నావా? ఎలా ఉంది?" అని అడిగింది. తను వినలేదు. అయినా "బాగుందండీ, కబురు చేస్తాం" అంది. ఆ మాటను తాను ఎంత తేలిగ్గా అన్నదో, ఆ మాట ఎంత బరువో, ఇన్నాళ్లకు ఈ గదిలో తెలిసింది.

మర్నాడు మేనేజరమ్మతో చెప్పింది: "ఉద్యోగం చేస్తానండీ. కానీ నమూనా పాఠమైతే పావుగంటే ఉండాలి. మీరు వచ్చి కూర్చోవాలి. అవునో కాదో ఆ పూటే చెప్పాలి. అలా అయితేనే పిలుస్తాను."

మేనేజరమ్మ నవ్వు మొదటిసారి ఆరిపోయింది. "అయితే మీకు కబురు చేస్తాం" అంది.

పంతొమ్మిది రోజుల గడువు పద్దెనిమిదికి దిగింది. ఆమె ఫోన్ చేసి, ఖాళీ ఇంకా ఉందని తెలుసుకుని, పెట్టె సర్దుకుని, తాను కాలదన్నిన ఆ చిన్న ఊరికి రైలెక్కింది. అక్కడ ఇద్దరు ముసలి టీచర్లు కూర్చుని పావుగంట విన్నారు. ఇంకో పావుగంట తప్పులు చెప్పారు. సాయంత్రానికి కాగితం చేతికిచ్చారు. ఆ ఊళ్లో సముద్రం లేదు, ట్రాము లేదు. గదిలో ఒకటే మంచం, ఒకటే కుర్చీ. పక్కగదిలో దగ్గు కూడా లేదు.

ఆ ఆదివారం బాబాయికి ఫోన్ చేసింది.

"బాబాయ్, ఆ గొడుగావిడ నంబరు కావాలి."

"ఎక్కడని వెతకనే? ఎన్నేళ్లైందో!"

"ఆవిడ దరఖాస్తు మన బీరువాలోనే ఉంటుంది. నువ్వు ఏ కాగితమూ పారేయవుగా. నా ఫొటో బోర్డు మీద ఉంచాలంటే ముందు ఆ నంబరు వెతుకు."

బాబాయి సణిగాడు. నాలుగు రోజులు మాట్లాడలేదు. అయిదో రోజు నంబరు పంపి, "నా తరఫున కూడా ఒక మాట చెప్పు" అన్నాడు, చిన్న గొంతుతో.

గొడుగావిడ ఇప్పుడు బట్టలు కుడుతోంది. ఫోన్లో మిషను చప్పుడు వినిపించింది. పంతులమ్మ తాను ఎవరో చెప్పి, క్షమించమని అడిగింది. మిషను ఆగింది.

"ఆ వారంలో ముప్ఫై ఇద్దరు పిల్లల పేర్లూ నేర్చుకున్నానమ్మా" అంది ఆవిడ. "వాళ్లు నా పిల్లలే అనుకున్నాను. కబురు వస్తుందని రెండు నెలలు ఇంకో చోటికి వెళ్లలేదు. ఆ పేర్లు ఇప్పటికీ మర్చిపోలేకపోతున్నా."

పంతులమ్మ ఏడ్చేసింది.

"ఏడవకు. నువ్వూ టీచరువేగా, రేపు నలుగురిని పనిలోకి తీసుకునే చోట నువ్వే కూర్చుంటావు. అప్పుడు ఈ ఒక్కటి గుర్తుపెట్టుకో. పని వచ్చో రాదో పరీక్ష పెట్టి చూడండి, తప్పు లేదు. కానీ పరీక్ష అని పిలిచి పని చేయించుకోకండి. ఎదుటి మనిషి ఆశను కాడికి కట్టి దున్నుకోవడం కూడా దొంగతనమేనమ్మా."