ఎడమ పక్క

దీవెన చేతికి తొందరెక్కువ. జగిత్యాల మెడికల్ కాలేజీలో అల్ట్రాసౌండ్ నేర్చుకుని తోటి విద్యార్థులకు నేర్పడానికి ఎంపికైన వాళ్లలో ఆమెదే మొదటి పేరు. వాళ్లకు పాఠం చెప్పే రత్నమాల మేడం పెట్టిన నియమం ఒకటే: ఒంటికి ఆనించి చూసే ప్రోబ్ నేర్చుకునేవాడి చేతిలోనే ఉండాలి, నేర్పేవాళ్లు నోటితోనే చెప్పాలి. దీవెనకేమో ఎదుటివాడు తడబడితే చాలు, ప్రాణం పోయినంత పనై ప్రోబ్ లాక్కుంటుంది. "ఇంకోసారి గుంజుకున్నవంటే నిన్ను తీసేస్త" అని మేడం నిన్ననే గట్టిగా చెప్పింది.

ఆ రోజు నేర్చుకునేవాళ్లు చూడటానికి పరీక్ష బల్ల మీద పడుకోవాల్సిన తోటి విద్యార్థి అక్షయ్‌కు జ్వరం. "నేనే పండుకుంట. గప్పుడు గుంజుకునుడే ఉండది" అంటూ దీవెన బల్ల ఎక్కింది. ఇన్నాళ్లూ అందరి పొట్టలూ చూసిందే తప్ప తన పొట్ట ఎవరికీ చూపింది లేదు.

నేర్చుకునేవాడు వేణు, సిరిసిల్ల దిక్కు బోయినపల్లి పోరగాడు, నెమ్మదస్తుడు. కుడి పక్క ప్రోబ్ ఆనించగానే కిడ్నీ దొరికింది.

"అమ్మో, గింత పెద్దగున్నదేంది!"

"బీడీలు చేసి సాదిన తల్లి బిడ్డనురా, గట్లనే ఉంటది" అని దీవెన నవ్వింది.

ఆ తల్లి ఐలవ్వ రెండు కిడ్నీలూ పాడై ఇప్పుడు కోరుట్లలో డయాలసిస్ మీద బతుకుతోంది. "దేవుడు నాకు రెండిచ్చిండమ్మా, ఒకటి నీకే" అని దీవెన మాటిచ్చింది. రక్తం గ్రూపు కలిసింది. మిగతా పరీక్షలకు సోమవారం హైదరాబాద్ పోవాలి. మొదట వద్దని ఏడ్చిన ఐలవ్వ, ఇప్పుడు ఆ సోమవారం కోసమే కళ్లు కాయలు కాచేలా ఎదురుచూస్తోంది.

"ఇగ ఎడమ దిక్కు. ఇంక ఎనుకకు పో. నీ వేళ్ల కణుపులు బల్లకు తాకాలె."

"తాకినయి. స్ప్లీన్ కనపడుతుంది. కిడ్నీ దొరుకుతలేదు." కిడ్నీకి పైనుండే ప్లీహం దాకా వచ్చి వేణు ఆగిపోయాడు.

"కొత్తోళ్లకు ఎడమది జల్ది దొరకది. నేను ఊపిరి పట్టుకుంట, మల్ల సూడు."

వేణు మళ్లీ చూశాడు. "లేదు దీవెనా."

"లేకుంటె ఏడికి పోతదిరా? కండ్లున్నయా నీకు?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. వేణు మొహం చిన్నబోయింది. దీవెన ఇక ఆగలేకపోయింది. లేచి కూర్చుని, నియమం సంగతే మరిచిపోయి, ప్రోబ్ లాక్కుని తన పక్కకు ఆనించుకుంది. స్ప్లీన్ ఉంది. దాని కింద పేగులున్నాయి. కిడ్నీ ఉండాల్సిన చోట కిడ్నీ లేదు. కొందరికి కిందికి దిగి ఉంటుందని బొడ్డు కింద కూడా వెతికింది. అక్కడా లేదు.

నవ్వులు ఆగిపోయాయి. రత్నమాల మేడం వచ్చి తనూ చాలాసేపు చూసింది.

"పుట్టుకతోనే ఒక్కటే ఉన్నట్టుంది బిడ్డా. అందుకే కుడిది పెద్దగయింది. సీటీ స్కాన్ కూడా తీసి చూద్దాం. నీకేం భయం లేదు."

దీవెన భయం తన కోసం కాదు. అమ్మకు ఇస్తానన్నది తన దగ్గర లేనే లేదు.

వేణు మాత్రం తనదే తప్పన్నట్టు తల దించుకుని నిలబడ్డాడు. వాడి చూపు సరైనదే అనాలంటే, కిడ్నీ లేదని దీవెనే తన నోటితో ఒప్పుకోవాలి. దీవెన కళ్లు తుడుచుకుని ప్రోబ్ వాడి చేతిలో పెట్టింది. మళ్లీ పడుకుని ఎడమ చెయ్యి తల మీదికి ఎత్తింది.

"నీ చెయ్యి తప్పు లేదు వేణూ. నువ్వు మంచిగనే సూసినవ్. లేదని ఎట్ల తేల్చుకున్నవో గీళ్లకు గూడ సూపెట్టు."

వేణు చూపెడుతున్నంతసేపూ ఆమె తెర వంక చూడలేదు. సాయంత్రం అమ్మకు ఏమని చెప్పాలో ఆ మాట కోసమే వెతుక్కుంది.