లాకీలో రెండు వాటాలు

డండీ నగరంలో హిల్‌టౌన్ గుట్ట మీది మా భవనాన్ని కూల్చేస్తున్నారనీ, ఏడాదిలోగా అందరూ వేరే వాటాలు చూసుకోవాలనీ కౌన్సిల్ నుంచి ఉత్తరాలు వచ్చాయి. నా పై అంతస్తులో ఎఫీ లారిమర్, నెట్టీ గౌ ఎదురెదురు తలుపుల్లో ఉండేవారు. ఇద్దరూ ఒకే బడి వంటశాలలో పనిచేసి రిటైరైనవాళ్లు. ఎఫీకి నా అన్నవాళ్లు లేరు. నెట్టీకి అదే ఊళ్లో ఫింట్రీ పేటలో కూతురు షోనా, మనవలు ఉన్నారు. ఎక్కడికి వెళ్లినా పక్కపక్కనే ఉండాలని ఇద్దరూ ఆ రోజే మాట ఇచ్చుకున్నారు.

ఆ వసంతమంతా బస్సుల్లో తిరిగారు. నది ఒడ్డున కొత్తగా లేచిన మేడల్లో ఒక కుర్రాడు కిటికీ చూపించి, ఇక్కణ్ణుంచి నది కనిపిస్తుందన్నాడట.

"కనిపిస్తుంది నాయనా, నడుం దాకా బయటికి వేలాడితే," అంది నెట్టీ.

ఇద్దరూ దారి పొడుగునా నవ్వుకున్నారు. కానీ ఏ ఇల్లు చూసినా నెట్టీ వంక పెట్టేది. ఒకచోట చెమ్మ, ఒకచోట ఎత్తు, ఒకచోట బస్సు దూరం. ఎఫీ విసుక్కోలేదు. చివరికి లాకీ పేటలో, నెట్టీ మోకాళ్లకు సరిపడేలా కింది అంతస్తులోనే రెండు వాటాలు ఎదురెదురుగా దొరికాయి. ఎఫీ ఒకదానికి సంతకం పెట్టి, రెండోది నెట్టీ కోసం శుక్రవారం దాకా ఆపమని ఆఫీసువాళ్లను బతిమాలింది.

గురువారం ఆ కబురు చెబుదామని ఎఫీ వెళ్లి నెట్టీ ఇంటి తలుపు తోసింది. గదినిండా అట్టపెట్టెలు. షోనా గిన్నెలకు కాగితాలు చుడుతోంది. ఎఫీని చూసి పక్క గదిలోకి వెళ్లిపోయింది.

"షోనా ఇంటి పక్కనే ఒక వాటా ఖాళీ అవుతుందన్నారే," అంది నెట్టీ. "ఫిబ్రవరిలోనే ఒప్పేసుకున్నా. నీకెలా చెప్పాలో తెలీలేదు."

"మరి ఆ ఇళ్లన్నీ చూడ్డానికి ఎందుకొచ్చావే?"

నెట్టీ ఒక పెట్టె మూత మూసింది.

"నీతో బస్సులో తిరగొచ్చని."

ఎఫీ తిట్టలేదు, ఏడవలేదు. తన ఇంట్లోకి వెళ్లి తలుపేసుకుంది. తర్వాత ఒక్కతే లాకీకి మారింది. అక్కడ ఎదురు వాటాకి ఒక నర్సు వచ్చింది. మంచి పిల్లే, కానీ ఎప్పుడూ డ్యూటీలోనే ఉంటుంది.

నెట్టీ ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎఫీ ఎత్తలేదు. నవంబరులో మాత్రం మనసాగక, రెండు బస్సులు మారి ఫింట్రీ వెళ్లింది. నెట్టీ, మనవలను కుర్చీలోంచి లేపి ఎఫీని కూర్చోబెట్టింది. అల్మారాలోంచి పూలకప్పులు తీసి, సాసరులో పెట్టి టీ ఇచ్చింది. చక్కెర ఎంత వెయ్యమంటావని అడిగింది.

"అదడిగిందమ్మా నన్ను," అంది ఎఫీ, నాకిదంతా చెబుతూ. "ముప్పయ్యేళ్లు నా టీ కలిపిన మనిషి."

టీ తాగి, బాగుందని చెప్పి, చీకటి పడకముందే లేచిందట. మళ్లీ రమ్మంది నెట్టీ. వస్తానంది ఎఫీ. ఆ తర్వాత వెళ్లలేదు.